మా కుక్క స్వీటీకి మమరీ ట్యూమర్ (చన్నుల గడ్డ), గ్రేడ్ 3 అని వచ్చింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో చేయించాలా?

స్వీటీ వాళ్ళమ్మ (రాజమండ్రి), మార్చి 4

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మీరు రాసేవన్నీ చదవడమే గానీ నేనెప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

మా స్వీటీ పామరేనియన్. తొమ్మిదేళ్లు, ఎనిమిది కిలోలు. గర్భసంచి ఆపరేషన్ చేయించలేదు, ఒక్కసారి కూడా ఈనలేదు. కిందటి వినాయక చవితి ముందు రోజు స్నానం చేయిస్తుంటే కుడివైపు చివరి చన్ను పక్కన శనగ గింజంత గట్టిగా వేలికి తగిలింది. చూపిస్తే "కొవ్వు గడ్డమ్మా, పెద్దదైతే చూద్దాం" అన్నారు. సంక్రాంతికి నిమ్మకాయంత అయింది. అప్పుడు వేరే డాక్టరు గారి దగ్గరికి వెళ్తే వెంటనే ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించి, కుడివైపు చన్నుల వరస మొత్తం తీసేశారు. గడ్డ నాలుగు సెంటీమీటర్లుంది.

నిన్న బయాప్సీ రిపోర్టు వచ్చింది. కార్సినోమా, అంటే క్యాన్సరే, గ్రేడ్ 3, అన్నిటికంటే ఉధృతమైన రకమట. లింఫ్ నాళాల్లోకి కణాలు వెళ్ళాయని, గజ్జల్లోని బిళ్ళలో, అంటే లింఫ్ నోడ్‌లో కూడా ఉన్నాయని రాశారు. కోసి తీసిన ముక్క అంచుల్లో మాత్రం కణాలు లేవట. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. కీమో గురించి ఆలోచించుకుని చెప్పమన్నారు.

అది మాత్రం మా అబ్బాయి పాత బనీను తొడుక్కుని, కుట్లు నాక్కోకుండా, గుమ్మంలో కూర్చుని పాలవాడి మీద అరుస్తోంది. దాన్ని చూస్తే రిపోర్టు నమ్మబుద్ధి కావట్లేదు. ఎన్నాళ్లు ఉంటుంది? కీమో పెట్టించి బాధ పెట్టడం న్యాయమేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జిమ్మీ నాన్న (వరంగల్), మార్చి 4

అక్కా, ధైర్యంగా ఉండండి. మా బాబాయి వాళ్ళ కుక్కకి ఇలాగే గడ్డ వస్తే పసుపు, సున్నం కలిపి పట్టు వేశారు. చితికి తగ్గిపోయింది. మీరూ ప్రయత్నించి చూడండి.

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 4

జిమ్మీ నాన్న గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఇక్కడ ఆ పని వద్దు. మీరు చూసింది చీము గడ్డ అయి ఉంటుంది, అది చితికి తగ్గుతుంది. క్యాన్సర్ గడ్డ చితికితే పుండవుతుంది, ఈగలు వాలతాయి, పురుగు పడుతుంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పట్టు వేసిన మూడు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చిన కుక్కలు చాలా ఉన్నాయి. అప్పటికి ఆపరేషన్ చేద్దామన్నా చుట్టూ మంచి చర్మం మిగలదు.

స్వీటీ వాళ్ళమ్మ గారూ, మీ రిపోర్టు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

కుక్కల్లో చన్నుల దగ్గర వచ్చే గడ్డల్లో దాదాపు సగం మామూలు గడ్డలే. మిగతా సగం క్యాన్సర్. ఆ క్యాన్సర్లలో కూడా దాదాపు సగమే వేరే చోటికి పాకుతాయి. అందుకే ఆపరేషన్‌తోనే పూర్తిగా బాగుపడే కుక్కలు ఎక్కువ. ఏ కుక్క ఎటువైపు అన్నది తేల్చేవి ముఖ్యంగా గడ్డ సైజు, గ్రేడు, లింఫ్ నోడు. మూడు సెంటీమీటర్ల లోపు ఉండగా తీసేస్తే మంచి ఆశ ఉంటుంది. ఐదు దాటితే చాలా తగ్గిపోతుంది. మీది మధ్యలో ఉంది. కానీ నోడ్‌లో కణాలు కనిపించాయంటే సైజుతో పని లేకుండా స్టేజి 4 కిందికి వస్తుంది. ఊపిరితిత్తుల్లో కనిపిస్తే 5.

గ్రేడ్ 3, నోడ్‌లో కణాలు రెండూ కలిసినప్పుడు చాలా కుక్కలకి ఏడాదిలోపే తిరగబెడుతుంది. కొన్ని ఏడాది దాటి హాయిగా ఉంటాయి. మీది ఏ గుంపులో ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

కీమో విషయం. దీని మీద మనుషుల్లో జరిగినంత పరిశోధన కుక్కల్లో జరగలేదు. జరిగినవి కూడా చిన్న చిన్నవి, ఒకదానికొకటి పొంతన లేనివి. కాబట్టి "చేయిస్తే తప్పకుండా ఇన్ని నెలలు పెరుగుతాయి" అని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. అయినా మీ రిపోర్టు లాంటిది వచ్చినప్పుడు ఎక్కువమంది ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) ఇద్దామనే అంటారు. డాక్సోరుబిసిన్ గానీ, కార్బోప్లాటిన్ గానీ మూడు వారాలకోసారి నాలుగైదు సార్లు ఇస్తారు. డాక్సోరుబిసిన్‌కి గుండె చూడాలి, అది నరంలోంచి బయటికి కారితే ఆ చోట కండ కుళ్ళిపోతుంది. చేయి తిరిగిన వాళ్ళే ఇవ్వాలి. కార్బోప్లాటిన్‌కి కిడ్నీ రిపోర్టు బాగుండాలి.

బాధ గురించి అడిగారు. కుక్కలకిచ్చే మోతాదు మనుషులకిచ్చేంత గట్టిగా ఉండదు. రోగాన్ని పూర్తిగా తుడిచేయాలని కాకుండా, కుక్క హాయిగా ఉంటూనే రోగం అదుపులో ఉండాలని ఇస్తాం. ఎక్కువ కుక్కలకి ఒకటి రెండు రోజులు తిండి తగ్గడం, ఒకటి రెండు వాంతులు, అంతే. వాంతులకి మరోపిటాంట్ ఉంది.

టామీ జ్ఞాపకం (కాకినాడ), మార్చి 5

స్వీటీ వాళ్ళమ్మ గారూ, మీ గడ్డ కోయడానికి వీలైన గడ్డ. ఆ మాట పట్టుకోండి. మా టామీకి ఆ అదృష్టం కూడా లేకపోయింది. మిగతావాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

టామీ లాబ్రడార్ ఆడది, పేరు మా పిల్లలు పెట్టారు. పదకొండేళ్లు. ఒక ఆదివారం పొట్ట కింద చర్మం ఎర్రగా కందినట్టు కనిపించింది. చేయి పెడితే కాలుతోంది. గడ్డంటూ వేరుగా లేదు, చర్మమంతా గట్టి అట్టలా ఉంది. చూపిస్తే చన్నుల వాపు అని యాంటీబయాటిక్ ఇచ్చారు. పది రోజులు వాడాం. ఈలోపు వెనక కాలు ఒకటి వాచింది. బొటనవేలితో నొక్కితే అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయేది. అప్పుడు వేరే చోట చర్మం చిన్న ముక్క తీసి పంపితే ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమా అన్నారు. ఆపరేషన్ చేయమని బతిమాలాను. చేయనన్నారు. అప్పుడు కోపం వచ్చింది.

మొత్తం ఐదు వారాలు. నొప్పి మందులతో చివరి దాకా నా పక్కనే పడుకుంది.

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 5

చేయకపోవడమే సరైనదండీ. ఆ రకంలో క్యాన్సర్ కణాలు చర్మంలోని లింఫ్ నాళాలన్నీ నింపేసి ఉంటాయి. ఎక్కడ కోసినా కుట్టు మానదు, కుట్టు వెంటే మళ్ళీ లేస్తుంది. ఆయుష్షు వారాల లెక్క. పైరాక్సికామ్ లాంటి మందులతో కొన్నిటికి వాపు, నొప్పి తగ్గి ఇంకొన్నాళ్లు బాగా గడుస్తాయి.

చదివేవాళ్ళందరికీ: ఈనని కుక్కకి, పాలు లేని కుక్కకి చన్నుల వాపు అని ఎవరైనా అంటే, వారంలో తగ్గకపోతే ఇంకో అభిప్రాయం తీసుకోండి. కాలు వాస్తే ఆ రోజే వెళ్ళండి.

వీధి కుక్కల అన్న (విజయవాడ), మార్చి 5

డాక్టరు గారూ, ఒక సందేహం. మా వీధిలో ఒక కుక్కకి వెనక భాగంలో పువ్వులాంటి గడ్డ వచ్చి రక్తం కారుతుంటే, వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున ఐదు వారాలు వేయించాం. మాయమైపోయింది. స్వీటీకి కూడా అదే వేయించకూడదా? ఖర్చు కూడా తక్కువ.

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 5

అది టీవీటీ, కుక్క నుంచి కుక్కకి కలయిక ద్వారా అంటుకునే క్యాన్సర్. దానికి విన్‌క్రిస్టిన్ అద్భుతంగా పనిచేస్తుంది. మమరీ కార్సినోమాకి అలా పనిచేయదు. రెండిటినీ క్యాన్సర్ అనే పిలుస్తాం గానీ రెండూ వేరు వేరు జబ్బులు. మీరు చేసిన పని మాత్రం చాలా మంచి పని.

బడ్డీ అండ్ బన్నీ (డల్లాస్), మార్చి 6

మా బన్నీ, కాకర్ స్పానియల్, రెండేళ్ల క్రితం ఇదే పరిస్థితి. ఒక్క విషయం చెప్పాలనిపించింది. మాకు కూడా ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. తర్వాత సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో మిరియాల గింజంత చుక్కలు రెండు కనిపించాయి. అంత చిన్నవి ఎక్స్‌రేలో దొరకవట. స్వీటీకి ఎక్స్‌రే ఎన్ని వైపుల నుంచి తీశారు? కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా, మూడూ ఉండాలి. పడుకున్న వైపు ఊపిరితిత్తి నొక్కుకుపోయి అందులోని చుక్క కనపడదని మా డాక్టర్ ఫిల్మ్ పెట్టి చూపించారు.

స్వీటీ వాళ్ళమ్మ, మార్చి 6

ఒక పక్క నుంచి, వెల్లకిలా, రెండే తీశారండీ. రేపే వెళ్ళి మూడోది తీయిస్తాను. మీ బన్నీ ఎలా ఉంది?

బడ్డీ అండ్ బన్నీ, మార్చి 6

కీమో మొదలుపెట్టి రెండు డోసుల తర్వాత ఆపేశాం. చుక్కలు పెరుగుతూనే ఉన్నాయి, ఆస్పత్రి తలుపు చూస్తేనే వణికేది. ఆపాక నాలుగు నెలలు ఉంది. ఆ నాలుగు నెలలు నేను ఇంటి నుంచే పని చేసుకుంటూ దగ్గరే ఉన్నాను. మొదలుపెట్టినందుకూ బాధ లేదు, ఆపినందుకూ లేదు.

రాణి తాతయ్య (నెల్లూరు), మార్చి 7

అమ్మా, నేను కీమో వద్దనుకున్నవాణ్ణి. మా రాణికి పన్నెండేళ్లు, కిడ్నీలు అంతంత మాత్రం. చెన్నై వేపేరి పశువైద్య కాలేజీకి తీసుకెళ్తే వాళ్ళు ఓపిగ్గా కూర్చోబెట్టి అంతా చెప్పారు. రైల్లో వస్తూ ఆలోచించుకున్నాను. దానికి కారు ఎక్కడం, కొత్త మనుషులు చేయి వేయడం అంటే ప్రాణం పోయినంత పని. మూడు వారాలకోసారి ఆ భయం పెట్టలేననిపించింది. ఆపరేషన్ మాత్రం చేయించి, తర్వాత నొప్పి మందుతో సరిపెట్టాం. తొమ్మిది నెలలు బతికింది. అందులో ఎనిమిది నెలలు పొద్దున్నే నాతో పాటు పెన్నా ఒడ్డుకి నడక.

మీ స్వీటీ ఎలాంటిది? ఆస్పత్రికి వెళ్తే ఎలా ఉంటుంది? నన్నడిగితే రిపోర్టు చూసినంత శ్రద్ధగా అది కూడా చూడాలి.

స్వీటీ వాళ్ళమ్మ, మార్చి 9

తాతగారూ, మీ ప్రశ్నే మా ఇంట్లో నిర్ణయం చేసింది. స్వీటీకి కారంటే పిచ్చి. కిటికీలోంచి తల బయట పెట్టి ధవళేశ్వరం బ్యారేజీ మీద గాలి పీల్చడం దానికి పండగ. ఆస్పత్రిలో కూడా కాంపౌండరు దగ్గర బిస్కెట్ అడుక్కుంటుంది. మూడో ఎక్స్‌రే కూడా బాగుంది. కిడ్నీ రిపోర్టు బాగుంది. కార్బోప్లాటిన్ మొదలుపెడుతున్నాం. ఒక్క డోసుకి అది కుంగిపోయినా ఆపేస్తానని మా వారితో ముందే చెప్పాను.

ఇంకో ప్రశ్న. మా పెద్దమ్మాయి ఐదో నెల, పుట్టింటికి వచ్చి ఉంది. కుక్క ఇంట్లో ఉండొచ్చా?

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 9

ఉండొచ్చు. కానీ డోసు ఇచ్చాక మొదటి మూడు రోజులు ఉచ్చ, దొడ్డి, వాంతి అమ్మాయి ముట్టకూడదు. మీరు కూడా గ్లవ్స్ వేసుకునే ఎత్తాలి. నేలని నీళ్లు, సబ్బుతో బాగా కడగండి. గుడ్డలు విడిగా ఉతకండి. నిమరడం, పక్కన కూర్చోవడం వల్ల ఏమీ కాదు, నాకనివ్వకుండా ఉంటే చాలు.

ఇంకొకటి ఫోన్‌లో రాసుకోండి. ఈ మందుకి తెల్ల రక్తకణాలు రెండో వారంలో బాగా పడిపోతాయి, అప్పుడు ఇన్ఫెక్షన్ సులువుగా పట్టుకుంటుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 103 దాటితే అర్ధరాత్రయినా సరే డాక్టరుకి ఫోన్ చేయాలి. జ్వరమని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి. ఐబుప్రోఫెన్ కుక్కలకి విషం.

పప్పీ లవర్ (కరీంనగర్), మార్చి 11

నాకు భయం పట్టుకుంది. మా లూసీకి నాలుగేళ్లు, గర్భసంచి ఆపరేషన్ చేయించలేదు. పైగా హీట్ (ఎద) రాకుండా ఏటా ఇంజెక్షన్ వేయిస్తున్నాం. రెండో హీట్ తర్వాత చేయిస్తే 26 శాతం కుక్కలకి క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివాను. ఇప్పుడు చేయించి లాభం లేదా?

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 11

ఆ అంకె చాలామంది తప్పుగా చెబుతారు. 1969లో వచ్చిన అమెరికన్ పరిశోధనలోది అది. వంద కుక్కల్లో 26కి వస్తుందని దాని అర్థం కాదు. అసలు ఆపరేషనే చేయించని కుక్కకి ఎంత ముప్పు ఉంటుందో, అందులో 26 శాతం మాత్రమే ఉంటుందని. మొదటి హీట్‌కి ముందే చేయిస్తే అది అర శాతం, మొదటి రెండు హీట్‌ల మధ్య 8 శాతం. 2012లో ఇంగ్లండు వాళ్ళు పాత పరిశోధనలన్నీ తిరగేసి, ఆధారాలు అనుకున్నంత గట్టివి కావన్నారు. నా మటుకు నేను ఇప్పటికీ తొందరగా చేయించమనే చెబుతాను. గర్భసంచిలో చీము పట్టడం ఎలాగూ తప్పుతుంది, అదీ ప్రాణాంతకమే.

ఆ హీట్ ఇంజెక్షన్ మాత్రం ఈ రోజే మానేయండి. అది ప్రొజెస్టిన్ హార్మోను. గడ్డలకీ, చీముకీ అదే దారి తీస్తుంది. లూసీకి ఆపరేషన్ చేయించండి. నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి, సాధారణంగా ఐదు జతలుంటాయి, పది చన్నుల చుట్టూ వేళ్లతో తడమండి. చివరి రెండు జతల దగ్గర ఇంకాస్త సేపు చూడండి, ఎక్కువ గడ్డలు అక్కడే వస్తాయి.

వీధి కుక్కల అన్న, మార్చి 12

గడ్డ ఒక్కటే ఉంటే ఆ ఒక్కటే తీయించొచ్చా, వరస మొత్తం తీయాలా? వీధి కుక్కకి అంత పెద్ద కోత అంటే చూసుకునేవాళ్ళుండరు.

పశువైద్యుడు, ఏలూరు, మార్చి 12

శనగ గింజంత ఉండి, అటూ ఇటూ కదులుతుంటే చుట్టూ కాస్త ఎక్కువ తీసుకుని ఆ ఒక్కటే తీయొచ్చు. కానీ చన్నుల మధ్య దారులుంటాయి. 2008లో జర్మనీలో కొంత భాగమే తీసిన 99 కుక్కల్ని గమనిస్తే, 58 శాతానికి అదే వైపు మిగిలిన చన్నుల్లో కొత్త గడ్డ వచ్చింది. ఇంటి కుక్కకైతే వరస తీయించమంటాను. వీధి కుక్కకి చిన్న కోత పెట్టి, అదే మత్తులో గర్భసంచి కూడా తీసేయడం ఆచరణలో మేలు. ముందు గర్భసంచి, తర్వాత గడ్డ. గడ్డ కోసిన చేత్తో పొట్ట తెరవకూడదు. తీసినదాన్ని మాత్రం పారేయకుండా బయాప్సీకి పంపండి.

స్వీటీ వాళ్ళమ్మ, ఏప్రిల్ 5

రెండో డోసు అయింది. మొదటి దానికి రెండో రోజు అన్నం ముట్టలేదు. ఉడకబెట్టిన కోడి నీళ్లు గోరువెచ్చగా చేసి స్పూనుతో పెడితే తాగింది. మూడో రోజుకి మామూలే. పన్నెండో రోజు రక్త పరీక్షలో తెల్ల కణాలు తక్కువున్నాయని రెండో డోసు నాలుగు రోజులు వెనక్కి జరిపారు. ఆ నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. థర్మామీటరు దిండు కింద పెట్టుకుని పడుకున్నా. జ్వరం రాలేదు. జుట్టు మాత్రం కుట్ల దగ్గర గొరిగిన చోట ఇంకా రాలేదు.

స్వీటీ వాళ్ళమ్మ, జూన్ 3

నాలుగో డోసు అయిపోయింది. ఎక్స్‌రే మూడు వైపులా శుభ్రం. కాంపౌండరు దానికి బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఇచ్చేశారు.

రాణి తాతయ్య, జూన్ 3

చల్లని మాట చెప్పావు తల్లీ.

టామీ జ్ఞాపకం, జూన్ 4

ఫొటో పెట్టండి. మా పిల్లలు రోజూ అడుగుతున్నారు.

స్వీటీ వాళ్ళమ్మ, డిసెంబరు 19

చాలా రోజులకి వచ్చాను. మనవడు పుట్టాడు, ఆరో నెల. వాడు ఏడిస్తే మొదట పరిగెత్తేది స్వీటీయే.

నిన్న మూడు నెలల చెకప్ ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తిలో రెండు చుక్కలు కనిపించాయి. పెద్దది ఎనిమిది మిల్లీమీటర్లు. డాక్టరు గారు ఫిల్మ్ లైటు మీద పెట్టగానే నాకు అర్థమైపోయింది. దగ్గు లేదు, ఆయాసం లేదు, తిండి బాగా తింటోంది. మళ్ళీ కీమో మొదలుపెట్టొచ్చు గానీ ఈసారి ఆశ చాలా తక్కువన్నారు. మేం వద్దనుకున్నాం. నొప్పి, వాపు తగ్గడానికి మెలాక్సికామ్ రాశారు, అన్నం తిన్నాకే వేయమన్నారు.

ఏలూరు డాక్టరు గారూ, ఇంట్లో ఏం గమనించాలి?

పశువైద్యుడు, ఏలూరు, డిసెంబరు 19

చాలా బాధగా ఉందమ్మా. రోజూ గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టి క్యాలెండరు మీద రాయండి. 30 లోపు ఉంటే పర్వాలేదు. రెండు మూడు రోజులు వరసగా పెరుగుతూ 30 దాటితే ఫోన్ చేయండి. మెలాక్సికామ్‌తో పాటు ఎవరు చెప్పినా స్టెరాయిడ్ వేయకండి, కడుపులో పుండ్లు పడతాయి. దొడ్డి తారులా నల్లగా వస్తే మందు ఆపి చెప్పండి. పడుకోలేక కూర్చునే నిద్రపోతుంటే, మెడ చాచి గాలి లాగుతుంటే, ఇక ఆలస్యం చేయకూడదు. ఆ రోజు ఎవరు వస్తారు, ఎక్కడ అన్నది ఇప్పుడే మీ డాక్టరు గారితో మాట్లాడి పెట్టుకోండి. అప్పటికప్పుడు మాట్లాడటం చాలా కష్టం.

బడ్డీ అండ్ బన్నీ, డిసెంబరు 20

మీకు ఎప్పుడు మాట్లాడాలనిపించినా రాయండి. మీకు పగలైతే మాకు రాత్రి. నేను మేలుకునే ఉంటాను.

స్వీటీ వాళ్ళమ్మ, జనవరి 16

కనుమ రోజు కూడా గారె ముక్క కోసం వంటింట్లోంచి కదల్లేదు. నూనె తీసి చిన్న ముక్క పెట్టాను. డాక్టరు గారితో మాట్లాడి పెట్టుకున్నాం, ఇంటికే వస్తామన్నారు. సాయంత్రం బ్యారేజీ మీదికి తీసుకెళ్ళాం. కిటికీ పూర్తిగా దించాను.

లెక్క రాస్తున్నాను. మొన్న 21, నిన్న 24, రాత్రి 22.